అచ్చుకు ముందున్న ఇత్తడి కారు

సెలవులకు ఊరెళ్లినప్పుడు మిమ్మల్ని చూసి "అచ్చు గుద్దినట్టు నాన్న పోలికే" అని అమ్మమ్మో తాతయ్యో అనడం వినే ఉంటారు. అచ్చు ఒక్కటి ఉంటే చాలు, దానితో ఒకేలాంటి వస్తువులు ఎన్నో తీయవచ్చు. మరి ఆ అచ్చు ఎక్కడి నుంచి వచ్చింది? దానికంటే ముందు ఒక అసలు వస్తువు ఉండాలి కదా! చిన్న నమూనా కార్లలో కొన్నింటికి ఆ అసలు వస్తువు చేత్తో చేసిన ఇత్తడి కారు. తయారీదారులు దాన్ని 'మాస్టర్' అంటారు. మనం 'తల్లి నమూనా' అని పిలుచుకుందాం. లోకంలో కొందరు అమ్మకానికి వచ్చే రంగురంగుల కార్లను వదిలేసి, రంగు కూడా లేని ఈ ఇత్తడి కార్లనే వెతికి సేకరిస్తారు. ఎందుకో చూద్దాం.

కొలత తప్పని పని

నమూనా కారును అసలు కారు కొలతలను లెక్క ప్రకారం తగ్గించి చేస్తారు. సేకరించేవారు బాగా ఇష్టపడే నిష్పత్తి 1:43. అంటే అసలు కారులో 43 సెంటీమీటర్లు నమూనాలో 1 సెంటీమీటరు అవుతుంది. మన అంబాసిడర్ కారు పొడవు సుమారు 4.3 మీటర్లు. మీరే భాగించండి, 10 సెంటీమీటర్లు వస్తుంది. తలుపు పిడి 15 సెంటీమీటర్లు ఉందనుకుంటే నమూనాలో అది మూడున్నర మిల్లీమీటర్లు మాత్రమే! పనివాడు ఇత్తడి దిమ్మెలను, రేకులను కోసి, ఆకురాయితో అరగదీసి, టంకం పెట్టి అతుకుతాడు. తలుపుల అంచులను సన్నని గీతలుగా చెక్కుతాడు. అక్కడ ఒక గీత వంకర పోతే, ఆ తర్వాత పోతపోసే ప్రతి కారులోనూ ఆ వంకర కనిపిస్తుంది.

ఇత్తడే ఎందుకు?

తల్లి నమూనాను రెండు ముడి రబ్బరు బిళ్లల మధ్య పెట్టి, ప్రెస్సులో గట్టిగా నొక్కుతూ సుమారు 150 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేస్తారు. రబ్బరు గట్టిపడి కారు ఆకారాన్ని పట్టుకుంటుంది. దీన్నే వల్కనైజేషన్ అంటారు. అంత వేడికి మైనం కరుగుతుంది, చాలా రకాల ప్లాస్టిక్ మెత్తబడుతుంది. అంత ఒత్తిడికి కర్ర నలుగుతుంది. ఇత్తడి మాత్రం సుమారు 900 డిగ్రీల దాకా కరగదు. ఇనుములా తుప్పు పట్టదు, ఆకురాయికి సులువుగా లొంగుతుంది.

తరువాత నమూనాను బయటకు తీసి, అచ్చును గుండ్రంగా వేగంగా తిప్పుతూ నడిమధ్యలో కరిగిన తెల్లలోహం పోస్తారు. అది తగరం కలిసిన మిశ్రమం, తక్కువ వేడికే కరుగుతుంది. తిరిగే వేగానికి లోహం అచ్చులోని మూలమూలకూ పరుగెడుతుంది. పోతలు పోసేకొద్దీ రబ్బరు అరిగిపోతుంది. కొత్త అచ్చు కావాలంటే మళ్లీ తల్లి నమూనా దగ్గరికే రావాలి. 1974లో కెనడాలోని బ్రూక్లిన్ అనే ఊళ్లో మొదలై, తర్వాత ఇంగ్లండుకు మారిన బ్రూక్లిన్ మోడల్స్ తెల్లలోహపు కార్లకు పేరుపొందింది.

లక్షల్లో తయారయ్యే బొమ్మ కార్ల దారి వేరు. వాటికి ఉక్కు అచ్చులు, జింకు మిశ్రమం వాడతారు. ఆ ఉక్కు అచ్చులకూ మన ఇళ్లలోలాగే బదిలీలు ఉంటాయి! ఇంగ్లండులోని డింకీ బొమ్మ కార్ల పాత అచ్చులు కొన్ని 1960ల చివర కలకత్తా చేరాయి. ఆ కార్లు ఇక్కడ 'నిక్కీ' పేరుతో అమ్ముడయ్యాయి.

మీకు తెలిసిన మ్యాచ్‌బాక్స్ కార్ల కథ కూడా ఒక చిన్న ఇత్తడి బండితోనే మొదలైంది. లండన్‌లోని లెస్నీ కంపెనీ భాగస్వామి జాక్ ఓడెల్ కూతురు చదివే బడిలో, అగ్గిపెట్టెలో పట్టే బొమ్మనే తేవచ్చనే నియమం ఉండేదని చెబుతారు. 1952 ప్రాంతంలో ఆయన కూతురి కోసం ఇత్తడితో బుల్లి రోడ్డు రోలరు చేసి ఇచ్చారు. మరుసటి ఏడాదే మ్యాచ్‌బాక్స్ బొమ్మలు దుకాణాలకు వచ్చాయి.

మన దగ్గరి పోత

మన ధర్సీవాలో ఉంటూ సిల్తరా కర్మాగారాలను రోజూ చూసేవాళ్లకు లోహం కరిగించడం వింత కాదు. ఇదే ఛత్తీస్‌గఢ్‌లో, జగదల్‌పూర్ వెళ్లే దారిలో కొండగావ్ వస్తుంది. అక్కడి ఢోక్రా కళాకారులు మట్టి ముద్ద మీద మైనపు తీగలతో బొమ్మ అల్లి, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొట్టి బొమ్మను తీస్తారు. తెలంగాణలో ఆదిలాబాద్ ప్రాంతపు ఓజా కళాకారులదీ ఇదే పద్ధతి. ఇక్కడ మైనమూ మిగలదు, అచ్చూ మిగలదు. ఏ బొమ్మకు ఆ బొమ్మే సాటి. కార్ల పనిలో మాత్రం ఒకే తల్లికి వందల పిల్లలు.

అసలుదని ఎలా తెలుస్తుంది?

దీనికి చక్కని విజ్ఞానశాస్త్ర పరీక్ష ఉంది. కరిగిన లోహం చల్లారితే కుంచించుకుపోతుంది. అందుకే తల్లి నమూనాను కావలసిన కొలత కంటే కాస్త పెద్దదిగా చేస్తారు. ఎవరైనా దుకాణంలో కొన్న కారు నుంచి అచ్చు తీసి, ఇత్తడి పోసి, "ఇదే అసలుది" అన్నారనుకోండి. వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిస్తే అది దుకాణం కారు కంటే చిన్నదని తేలుతుంది. అసలుదైతే పెద్దదిగా ఉండాలి. టంకపు అతుకులు, ఆకురాయి గీతలు కూడా సాక్ష్యాలే. అందుకే ఇంట్లో బిందెను తోమినట్టు చింతపండుతో దీన్ని తోమి మెరిపించకూడదు. మెరుపు వస్తుంది, సాక్ష్యం పోతుంది.

పేరు లేని ఇత్తడి

చిన్న సంస్థ మూతపడితే అమ్మిన కార్లు కొన్నవాళ్ల ఇళ్లలో భద్రంగానే ఉంటాయి. తల్లి నమూనా మాత్రం డబ్బాలో మిగిలిపోతుంది. అది ఏ కారు, ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అన్నది రాసి లేకపోతే, తెలియనివాళ్ల చేతిలో అది కిలోల లెక్కన పాత సామాన్ల దుకాణానికి పోతుంది. సేకరించేవారు కాపాడేది ఇత్తడిని మాత్రమే కాదు, ఆ మూడు వివరాలను కూడా.

మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. మీ ఇంట్లో పాత ఇత్తడి చెంబో, పళ్లెమో ఉంటే అంచు చూడండి. చాలావాటి మీద చుక్కలు చుక్కలుగా ఒక పేరు చెక్కి ఉంటుంది, ఒక్కోసారి తేదీ కూడా. ఎన్ని ఊళ్లు మారినా అది ఎవరిదో ఆ చుక్కలే చెబుతాయి. ఈసారి బదిలీకి సామాన్లు సర్దేటప్పుడు ఆ పేర్లు చదవండి. తెలియని పేరు కనిపిస్తే ఫోన్ చేసి అమ్మమ్మనో నానమ్మనో అడిగి, ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఏ పేరూ లేని పాత వస్తువు దొరికితే ముందు దాని గురించే అడగండి.