జీపు ఇరుసు చెమర్చినప్పుడు
1947లో మహీంద్రా సోదరుల సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చడం ప్రారంభించింది. నాటి సంతతికి చెందిన సీజే-3బీ జీపులను నేటికీ మమకారంతో నడిపేవారున్నారు. వారికి చిరపరిచితమైన దృశ్యమొకటి: వెనుక చక్రం లోపలివైపున నల్లని చమురు చార.

దీనిని వట్టి మరకగా ఎంచరాదు. ఇరుసు గొట్టంలోని గేరు నూనెను చక్రం చేరకుండా ఆపేది ఆయిల్ సీలు. పూర్వం తోలుతో చేసేవారు, ఇప్పుడు రబ్బరు. దాని పెదవి అరిగిందా, నూనె బ్రేకు డ్రమ్ములో చేరి లైనింగులను తడుపుతుంది. తడిసిన లైనింగు డ్రమ్మును పట్టదు. ఘాటు రోడ్డు దిగువేళ అది ప్రాణాల మీదికి వచ్చే మాట.

చాలామంది సీలు మార్చి తృప్తి పడతారు. కొన్నాళ్లకే చార మళ్లీ కనబడుతుంది. తరచు దోషం సీలుది కాదు. ఇరుసు పెట్టెపై గాలి పోయేందుకు చిన్న రంధ్రమున్నది. అది బురదతో పూడుకొనిపోతే, నడకలో వేడెక్కిన గాలి వ్యాకోచించి, వేరే దారిలేక నూనెను సీలు మీదుగా వెలుపలికి నెడుతుంది. తరగతిలో చెప్పుకొనే భౌతికశాస్త్రమే! కనుక ముందు ఆ రంధ్రాన్ని శుభ్రపరచాలి. పిదప ఇరుసు కడ్డీని గోటితో తడమాలి. పాత పెదవి ఒరిసినచోట గాడి తగిలితే కొత్త సీలూ నిలువదు. సీలు స్ప్రింగు వైపు నూనెకు ఎదురుగా వుండాలి. తడిసిన లైనింగులను కడిగి వాడుకొనే పొదుపు మాత్రం వద్దు. నూనె లోపలికి ఇంకివుంటుంది.