రాదని తేలిన బండే నయం

2024 సెప్టెంబరు 1, ఆదివారం. మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల మధ్య వరద పట్టాల కింది కంకరను ఊడ్చుకుపోయింది. కాజీపేట–విజయవాడ మార్గం తెగింది. హైదరాబాద్‌లోని నాంపల్లి స్టేషన్ నుంచి విశాఖకు గోదావరి, చెన్నైకి చార్మినార్ ఎక్స్‌ప్రెస్ వెళ్లేది ఆ దారినే. పదుల కొద్దీ బండ్లు రద్దయ్యాయి, కొన్నింటిని దారి మళ్లించారు.

ఇలాంటప్పుడు ఎంక్వైరీ కిటికీ దగ్గర నిలబడితే వినపడే మాట ఒకటుంది: "గంట లేటంటరు, మళ్ల గంటంటరు. రాదని చెప్తే బస్టాండుకన్న పోతుంటిమి గదన్నా!" విసుగులో అన్నా, ప్రయోగశాలలో తేలిందీ అదే. 2016లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 45 మందితో ఒక కంప్యూటర్ ఆట ఆడించారు. తెరమీది రాయి కింద పాము ఉందో లేదో చెప్పాలి. పాము ఉంటే చేతికి కరెంటు షాక్. వాళ్ల చెమటను, కంటిపాపల పరిమాణాన్ని కొలిచారు. షాక్ తప్పదని తెలిసినప్పటి కంటే, తగలడానికీ తగలకపోవడానికీ సరిసమానంగా అవకాశం ఉన్నప్పుడే ఒత్తిడి ఎక్కువగా కనిపించింది. మెదడు చెడు కబురుకు సర్దుకుంటుంది, ఎటూ తేలని కబురుకే అల్లాడుతుంది.

ఒత్తిడి హార్మోన్లలో అడ్రినలిన్ క్షణాల్లో గుండె వేగం పెంచుతుంది. కార్టిసాల్ వెనకాలే నెమ్మదిగా పెరుగుతుంది. బోర్డు మీద టైము మారిన ప్రతిసారీ ఇదంతా మళ్లీ మొదలు. పక్కనున్న భార్యమీదో, కిటికీ వెనక గుమాస్తామీదో అరిచేది ఆ ఊపులోనే. పాపం, ఆ గుమాస్తాకూ మన కంటే ఎక్కువేమీ తెలియదు.

కాబట్టి బండి సంగతి తేలకపోయినా, మన సంగతి మనం తేల్చుకోవచ్చు. "ఎనిమిదింటి వరకు చూస్తాను, అప్పటికీ కబురు లేకపోతే బస్సు" అని గడువు పెట్టుకుని ఇంటికి ఫోన్ చేసి చెప్పేయాలి. నాంపల్లి రైలుమార్గానికి చివరి స్టేషను కాబట్టి ఇంకెక్కడికో పోయే బండి దారిలో వచ్చి ఆగుతుందన్న ఆశ లేదు. కానీ మెట్రో ఎక్కితే గాంధీభవన్, ఉస్మానియా మెడికల్ కాలేజీ దాటగానే ఎంజీబీఎస్ బస్టాండు. బండి మూడు గంటలకు మించి ఆలస్యమై మీరు ప్రయాణం మానుకుంటే పూర్తి చార్జీ వెనక్కి వస్తుంది. ఆన్‌లైన్ టికెట్ అయితే బండి కదలకముందే టీడీఆర్ (రిఫండు దరఖాస్తు) పెట్టాలి, చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

లోపలి గుబులుకు పేరు పెట్టడం కూడా పనిచేస్తుంది. 2007లో లాస్ ఏంజెలెస్‌లో మాథ్యూ లీబర్‌మన్ బృందం చేసిన మెదడు స్కాన్లలో, చూసిన ముఖంలోని భావాన్ని మాటల్లో చెప్పినప్పుడు అమిగ్డలా చురుకు తగ్గింది. బాదంగింజంత ఉండే ఈ భాగం భయానికి గంట కొడుతుంది. "చిరాగ్గా ఉంది" అని ఊరుకోకుండా "పొద్దున ఇంటర్వ్యూ పోతుందేమోనని భయంగా ఉంది" అంటే చేయాల్సిన ఫోన్ ఎవరికో కూడా తెలుస్తుంది. ఊపిరి పీల్చినదాని కంటే నెమ్మదిగా వదిలితే గుండె దడ కాస్త తగ్గుతుంది. దీనికి ఖర్చు లేదు, క్యూలో నిలబడే చేయొచ్చు.

ఖాళీగా కూర్చున్న సమయం పొడుగ్గా అనిపిస్తుందని ఎదురుచూపుల మనస్తత్వం మీది వ్యాసంలో 1985లోనే డేవిడ్ మైస్టర్ రాశాడు. ఫోన్‌లో వరద వీడియోలు తిప్పడాన్ని నేను కాలక్షేపంగా లెక్కవేయను, అది గుబులుకు మేత. వాన తెరిపిస్తే, సామాను క్లోక్‌రూమ్‌లో పెట్టి మొజంజాహీ మార్కెట్ దాకా నడిచి రండి. ఆదివారమైతే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలుంటాయి.

రైల్వే అధికారులకు ఒక విన్నపం. బండి ఎప్పుడొస్తుందో మీకే తెలియని రోజులుంటాయి, ఒప్పుకుంటాం. తర్వాతి ప్రకటన ఎన్ని గంటలకు చేస్తారో మాత్రం మైకులో చెప్పండి, చెప్పిన టైముకు చేయండి. అది మీ చేతిలో ఉన్నదే.