కాకతీయ సేనాని ఢిల్లీ చిరునామా
కటవారియా సరాయ్ నుంచి ఒక్క రోజులో చుట్టి రాగల గుడులు, గోరీల దారిలో ఎవరికీ పట్టని ఒక తెలుగువాడి కథ

ఈజిప్టులో లక్సర్‌కు వెళ్లిన పర్యాటకులకు గైడ్లు నైలు నదికి తూర్పు గట్టున కర్నాక్ ఆలయాన్ని, పడమటి గట్టున రాజుల లోయలోని సమాధులను ఒక్క రోజులో చూపించేస్తారు. దక్షిణ ఢిల్లీలోని కటవారియా సరాయ్‌లో అద్దె గదుల్లో ఉంటూ గేట్, ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్షలకు చదువుకునే తెలుగు కుర్రాళ్లకు అంత ఖర్చు అక్కర్లేదు. జిరాక్స్ దుకాణాల సందు దాటి బస్సెక్కితే చాలు. ఆదివారాలు ఢిల్లీలో రకరకాల బృందాలు నడిపే హెరిటేజ్ వాక్‌లలో మెహ్రౌలీ తప్పనిసరి మజిలీ. యోగమాయ గుడి, దానికి దగ్గర్లోనే గుట్ట మీద అక్బర్ చంపించిన ఆధమ్ ఖాన్ సమాధి. 1560వ దశకం నాటి ఈ సమాధికి ఎనిమిది ముఖాలు. చుట్టూ వరండా. ముఖానికి మూడేసి కమానులు.

ఈ నమూనా ఎక్కడిదని వెదుక్కుంటూ వెళితే దారి రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లి, ఓరుగల్లు మనిషి దగ్గర ఆగుతుంది.

1323లో ఉలుగ్ ఖాన్ (తర్వాతి ముహమ్మద్ బిన్ తుగ్లక్) ఓరుగల్లు కోటను పట్టుకుని ప్రతాపరుద్రుణ్ని బందీగా ఢిల్లీకి పంపాడు. రాజు దారిలోనే నర్మద ఒడ్డున కన్నుమూశాడు. మన పాఠ్యపుస్తకాల్లో కథ అక్కడితో సరి. కానీ ఢిల్లీ చేరిన బందీల్లో ఒకడు ఇస్లాం స్వీకరించి మక్బూల్ అయ్యాడు. ఫిరోజ్ షా తుగ్లక్ 1351లో గద్దెనెక్కాక వజీరై, ఖాన్-ఇ-జహాన్ బిరుదు పొందాడు. మారన తన మార్కండేయ పురాణాన్ని అంకితమిచ్చిన నాగయ గన్న సేనాని ఇతడేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. తెలుగు కావ్యానికి కృతిభర్త, ఢిల్లీ సుల్తానుకు ప్రధాని. ఒక జీవితానికి ఇది తక్కువ ప్రయాణం కాదు.

ఆ కాలపు చరిత్రకారుడు షంస్ సిరాజ్ అఫీఫ్ అతని గురించి ముచ్చటగా రాశాడు. చదవడం, రాయడం రాకపోయినా మహా తెలివైనవాడట. సింధు దండయాత్రకు వెళ్లిన సుల్తాను నుంచి నెలల తరబడి కబురు లేకపోతే, ఫిరోజ్ రాసినట్టు తానే ఒక ఉత్తరం పుట్టించి రాజధానిలో అలజడి రేగకుండా చూశాడట. అంతఃపురంలో రెండు వేల మంది స్త్రీలుండేవారనీ అఫీఫే చెబుతాడు. దర్బారీ చరిత్రకారుల అంకెలను కొంత తగ్గించుకుని చదువుకోవడమే మంచిది.

కొడుకు జూనాన్ షా తండ్రి పదవినీ బిరుదునూ అందుకున్నాడు. మసీదులు కట్టించడం అతని వ్యసనం. సాకేత్ మాల్స్‌కు ఎదురుగా, ఇళ్ల మధ్య పల్లంలో ఉన్న ఖిడ్కీ మసీదు అతనిదే. బయటి నుంచి చూస్తే కోట. లోపల స్తంభాల అడవిలోకి నాలుగు ఆరుబయలు చావళ్ల నుంచి వెలుతురు పడుతుంది. పైకప్పు మీద తొమ్మిదేసి చొప్పున చిన్న గుమ్మటాలు. ఒక మూల కప్పు ఏనాడో కూలిపోయింది. 2018లో పురావస్తు శాఖ ఇక్కడ మరమ్మతులు చేయిస్తుండగా 254 రాగి నాణేలు బయటపడ్డాయి. ఎదురుగా మాల్‌లో జనం కిటకిటలాడే రోజున కూడా ఇక్కడ గబ్బిలాలదే రాజ్యం.

అసలు మజిలీ మాత్రం నిజాముద్దీన్ బస్తీ. 1368 ప్రాంతంలో చనిపోయిన మక్బూల్ సమాధి అక్కడ ఉంది. వరండాతో కూడిన అష్టభుజి సమాధుల్లో ఢిల్లీలో ఇదే మొదటిదని వాస్తు చరిత్ర రాసినవారు అంటారు. లోడీ గార్డెన్‌లో 1444 నాటి ముహమ్మద్ షా సయ్యద్ సమాధి, సికిందర్ లోడీది, ససారాంలో షేర్ షాది, 1547లో కట్టిన ఈసా ఖాన్‌ది అన్నీ దీని బాటే పట్టాయి. కానీ లోడీ గార్డెన్‌లో సమాధుల చుట్టూ పచ్చిక ఉంది. ఈసా ఖాన్ సమాధి హుమాయూన్ ప్రాంగణంలో కొత్త సున్నంతో మెరుస్తోంది. వాటికి దారి చూపిన కట్టడాన్ని మాత్రం బస్తీ ఇళ్లు ఆక్రమించాయి. కమానుల మధ్య గోడలు లేచాయి. సందులో నిలబడి తలెత్తితే గుమ్మటం ముక్కముక్కలుగానే కనిపిస్తుంది. అక్కడ ఉంటున్నవాళ్లూ పేదవాళ్లే. వాళ్లకు వేరే చోటు చూపకుండా సమాధిని ఖాళీ చేయించడం న్యాయం కాదు, తేలికా కాదు.

ఇక్కడికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో అశోకా రోడ్డులోని ఆంధ్రప్రదేశ్ భవన్ స్థలాన్ని పంచుకోవడానికి రెండు తెలుగు రాష్ట్రాలకు 2014 నుంచి 2024 దాకా పట్టింది. తెలంగాణీ అన్న మాటను పేరులోనే మోస్తున్న ఈ సమాధి విషయంలో అలాంటి పట్టుదల ఏ వైపూ కనిపించదు. కారణం ఊహించడం కష్టం కాదు. ఓడిపోయి మరణించిన రాజు అందరికీ కావాలి. ఓడిపోయి మతం మారి, గెలిచినవాడి రాజ్యాన్ని సమర్థంగా నడిపినవాణ్ని ఏ పార్టీ వేదిక మీదా పొగడలేరు. ఢిల్లీ ముస్లిం వారసత్వం గురించి మాట్లాడేవారికీ అతను ఒక పాదసూచిక మాత్రమే.

సమాధికి దగ్గర్లోనే జూనాన్ షా కట్టించిన మరో మసీదు ఉంది. స్థానికులు కాళీ మసీదు అంటారు. అక్కడ ఇప్పటికీ నమాజు జరుగుతుంది. తూర్పు ద్వారం మీది పారశీక శాసనంలో హిజ్రీ 772, అంటే 1370-71 తేదీ ఉంది. కట్టించినవాడు ఖాన్-ఇ-జహాన్ కుమారుడు జూనాన్ షా మక్బూల్ అని తండ్రి పేరుతో సహా చెక్కారు.