బాంబుల నీడలో రాజధాని: రంగూన్‌లో తెలుగు శ్రామికులు, 1941–42

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• బాంబుదాడుల కాలంలో రంగూన్ నగర దైనందిన జీవితం ఎందుకు స్తంభించిందో వివరించగలుగుతారు.
• ఆ నగర జీవనంలో తెలుగు శ్రామికుల స్థానాన్ని గుర్తించగలుగుతారు.
• యుద్ధకాలంలో పౌరుల ప్రవర్తనను 'ధైర్యం', 'పిరికితనం' అనే మాటలతో అంచనా వేయడంలోని లోపాన్ని చర్చించగలుగుతారు.

1. పరిచయం

తెల్లవారుజామున అమీర్‌పేట చౌరస్తాలో కాసేపు నిలబడి చూడండి. ఒకవైపు వీధులు ఊడుస్తుంటారు, మరోవైపు పాల ప్యాకెట్లు దిగుతుంటాయి. హాస్టళ్ళ వంటగదుల్లో పొయ్యిలు వెలుగుతాయి. పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ముందు రాత్రి డ్యూటీ దిగేవారు, పగటి డ్యూటీకి వచ్చేవారు ఎదురుపడతారు. వీరిలో చాలామందికి సొంతూరు మరొకటి ఉంటుంది. వీరంతా ఒకే రోజున ఊరిదారి పడితే నగరం ఎన్నాళ్ళు నడుస్తుంది?

ఇది ఊహించి వేసిన ప్రశ్న కాదు. 1941 డిసెంబరులో బర్మా రాజధాని రంగూన్‌కు ఈ ప్రశ్న నిజంగానే ఎదురైంది. అక్కడినుంచి వెళ్ళిపోయినవారిలో వేలాదిమంది తెలుగువారు.

2. రంగూన్‌లో తెలుగువారు

1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్ జనాభా సుమారు 4 లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులే. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి కూలీలు కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో ఓడ ఎక్కి అక్కడికి చేరేవారు. కాకినాడ దగ్గరి పాత ఓడరేవు కోరంగి పేరుమీద బర్మాలో తెలుగువారికి 'కోరంగీలు' అన్న పేరు స్థిరపడింది.

రేవులో సరుకు దించడం, ఎక్కించడం, బియ్యపు మిల్లుల్లో బస్తాలు మోయడం, రిక్షాలు లాగడం, వీధులూ మరుగుదొడ్లూ శుభ్రం చేయడం వంటి పనులు ఎక్కువగా వీరి చేతుల మీదుగా సాగేవి. మేస్త్రీ ముందుగా బయానా ఇచ్చి తీసుకువెళ్ళేవాడు. ఆ అప్పు కూలిలోంచి తీరాలి. భార్యాబిడ్డలు ఊళ్ళో ఉండగా మగవారు ఇరుకు గదుల్లో గుంపులుగా కాపురం ఉండేవారు. 1930 మే నెలలో కూలి పెంచమని తెలుగు రేవు కార్మికులు సమ్మె చేయగా, దాని వెనువెంటనే వారికీ బర్మా కూలీలకూ మధ్య ఘర్షణలు చెలరేగి అనేకమంది చనిపోయారు. నగరానికి వీరి శ్రమ కావాలి, కాని నగరంలో వీరికంటూ భద్రమైన చోటు లేదు.

3. రెండు దాడులు

1941 డిసెంబరు 23 ఉదయం జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. అలాంటి దాడి ఆ నగరం అంతకుముందు ఎరగదు. ఆకాశంలో విమానాల పోరు చూడడానికి జనం వీధుల్లో నిలబడిపోయారు. బాంబుల ముక్కలు తగిలి బహిరంగ ప్రదేశాల్లోనే అనేకమంది కూలిపోయారు. ఆ ఒక్కరోజే వెయ్యికి పైగా మరణించారు. క్రిస్మస్ రోజున మళ్ళీ దాడి జరిగింది.

ఆ తరువాత లక్షలాదిమంది నగరం విడిచారు. రేవులో పని ఆగింది. చైనాకు పంపవలసిన యుద్ధ సామగ్రి గట్టుమీద పేరుకుపోయింది. పారిశుద్ధ్య పనివారు లేక చెత్త కదలలేదు. వంటవారు, బండివారు, అంగళ్ళవారు కనబడలేదు. బాంబులు కూల్చినవి కొన్ని వీధులను మాత్రమే. నగరాన్ని నిలిపివేసింది మాత్రం ఈ పనులు ఆగిపోవడం. ప్రభుత్వం నచ్చజెప్పి కొందరిని వెనక్కి రప్పించింది, ప్రయాణాలపై ఆంక్షలు కూడా పెట్టింది. చివరకు 1942 ఫిబ్రవరి 20న నగరాన్ని ఖాళీ చేయమని ఆదేశాలు వెలువడ్డాయి. మార్చి 8న జపాన్ సేనలు ప్రవేశించాయి.

4. తరలింపా? పలాయనమా?

ఈ కూలీలు 'భయపడి పారిపోయారు' అన్న వ్యాఖ్య అప్పటి అధికారుల మాటల్లో వినిపిస్తుంది. దీన్ని పరిశీలించడానికి లండన్‌తో పోల్చి చూద్దాం. 1940 సెప్టెంబరు 7 నుంచి లండన్‌పై వరుసగా 57 రాత్రులు బాంబులు పడ్డాయి. అయినా నగరం పనిచేసింది. దాన్ని ప్రజల గుండె నిబ్బరంగా చెప్పుకుంటారు. అది నిజమే, కాని పూర్తి నిజం కాదు. యుద్ధం మొదలైన 1939 సెప్టెంబరులోనే దాదాపు 15 లక్షలమంది పిల్లలను, తల్లులను నగరాల నుంచి పల్లెలకు పంపారు. 1940 జనవరి నుంచి రేషన్ అమలైంది. భూగర్భ రైల్వే స్టేషన్లలో తలదాచుకోవడానికి ప్రభుత్వం మొదట ఒప్పుకోలేదు. జనం టికెట్లు కొనుక్కుని దిగి, అక్కడే పడుకోవడంతో దిగివచ్చింది.

ఒక్క విషయం గమనించండి. లండన్ పిల్లలు నగరం విడిస్తే అది 'తరలింపు'. రంగూన్ కూలీలు విడిస్తే అది 'పలాయనం'. బాంబుల కింద నిలబడాలంటే తలదాచుకునే చోటు, తిండికి హామీ, తన మాట వినే ప్రభుత్వం, 'ఇది నా ఊరు' అన్న భావన ఉండాలి. వీటిలో ఏదీ రంగూన్ కూలీకి దక్కలేదు. తన కుటుంబం ఉన్న ఊరికి బయలుదేరడం అతని దృష్టిలో పూర్తిగా సబబైన నిర్ణయం.

5. ఇంటిదారి

ఓడల్లో చోటు దొరకనివారు నడిచారు. కొందరు ప్రోమ్ మీదుగా అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ వైపు, మరికొందరు మాండలే, తాము మీదుగా ఇంఫాల్ వైపు సాగారు. 4 లక్షలకు పైగా భారతదేశం చేరారు. కలరా, మలేరియా, ఆకలి వల్ల వేలాదిమంది దారిలోనే ప్రాణాలు విడిచారు. యూరోపియన్లకు మెరుగైన దారి, సౌకర్యాలు కల్పించారన్న ఆరోపణ భారతదేశంలో ఆగ్రహం రేపింది. ఇల్లు చేరినవారికీ నిశ్చింత లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీదా జపాన్ బాంబులు పడ్డాయి. విశాఖ నుంచి జనం పల్లెలకు తరలిపోయారు.

6. సారాంశం

యుద్ధకాలపు నగర చరిత్ర అంటే విమానాల, సేనాపతుల చరిత్ర మాత్రమే కాదు. చీపురు, బస్తా, పొయ్యి చుట్టూ తిరిగే చరిత్ర కూడా. యుద్ధం లేకపోయినా ఈ పాఠం వర్తిస్తుంది. 2020 మే 1న వలస కార్మికుల తొలి ప్రత్యేక రైలు మన లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. ఆపద వేళ ఎవరు నగరంలో ఉండిపోగలిగారు, ఎవరు ఇంటిదారి పట్టవలసి వచ్చింది అన్న ప్రశ్న అప్పుడూ ఎదురైంది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. రంగూన్‌లో తెలుగువారు ప్రధానంగా ఏయే పనులు చేసేవారు?
2. 'తరలింపు', 'పలాయనం' అనే మాటల వెనుక ఉన్న దృష్టిభేదాన్ని వివరించండి.
3. మీ వీధి ఒక రోజు సాగడానికి ఎవరెవరి శ్రమ అవసరమో జాబితా రాయండి. వారిలో ఆ వీధిలోనే సొంత ఇల్లు ఉన్నవారు ఎందరో గుర్తించండి.