గాజులు అమ్మి గజాలు కొనేముందు

ఇవాళ నేను చెప్పబోయేది వంటా కాదు, కుట్టుపనీ కాదు. ఊరికి దూరంగా స్థలం కొనడం గురించి. మా ఇంట్లో జరిగిన సంగతే కాబట్టి మైకు ముందు చెప్పడానికి మా వారు మొదట ఒప్పుకోలేదు. "మన తెలివితక్కువతనం పదిమందికీ వినిపించాలా?" అన్నారు. వినిపించాలనే అనుకున్నాను.

మాది నాచారం. పొద్దున్నే పేపరు విప్పితే చాలు, మధ్యలోంచి రంగుల కాగితం జారిపడుతుంది. "ఉప్పల్ నుంచి అరగంట!" ఏ ఊరైనా సరే అరగంటే. ఆ కాగితం చూసి మనసు ఊగిసలాడటానికి కారణం లేకపోలేదు. ఒకప్పుడు ఉప్పల్లో స్థలం కొనమని ఎవరో చెబితే మా మామగారు "ఆ పొలాల్లో ఎవరుంటారయ్యా" అని నవ్వేశారట. ఆ ఉప్పల్ 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2017 నవంబరులో మెట్రో రైలు కూడా వచ్చేసింది. ఆనాటి నవ్వుకి ఇప్పటికీ మా ఇంట్లో లెక్కలు వేసుకుంటూనే వుంటాం. మళ్ళీ అలా పోగొట్టుకుంటామేమోనన్న భయం వుందే, బ్రోకర్లకి అదే పెట్టుబడి.

2024 వేసవిలో ఒకాయన కారు పంపించాడు. చల్లగా ఏసీ, దారిలో టిఫిను, వరంగల్ రోడ్డు మీద బీబీనగర్ దాటి పోచంపల్లి వైపు కాసేపు. పెద్ద కమాను, రంగు జెండాలు, వరసగా పాతిన హద్దు రాళ్ళు. అక్కడ పావుగంట వున్నామేమో. తిరిగొచ్చేలోపు 200 గజాలకు బయానా ఖాయమైపోయింది. లక్ష రూపాయలు. నా నాలుగు గాజులు తాకట్టు పెట్టి తెచ్చినవి. పెద్ద కాగితం ఏదీ లేదు, చేతిరాత రసీదు ఒకటి.

రాత్రి పడుకున్నాక నాకు ఒకటే ఆలోచన. ఆ ఊళ్ళో మంచినీళ్ళు ఎక్కడివి? కూరలు ఎక్కడ కొంటారు? ఒక్కటీ చూడలేదే! పక్కింటావిణ్ణి వెంటబెట్టుకుని మూడోరోజు బస్సులో బయలుదేరాను. 2023 డిసెంబరు నుంచి మనకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్ వుందిగా, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఉప్పల్ చౌరస్తాలో భువనగిరి బస్సు ఎక్కి, బీబీనగర్లో దిగి, అక్కణ్ణుంచి షేర్ ఆటో. ఆటోవాడు కమాను దగ్గర దింపి వెళ్ళిపోయాడు. ఊళ్ళోకి నడవాలి, ఎండలో. కారులో ఇది అరగంటలాగే వుంది మరి! మాకు గంటా నలభై నిమిషాలు పట్టింది.

ఊరి పేరు చెప్పను, ఆ ఊరివాళ్ళ తప్పేమీ లేదు. ఒక ఇంటి వసారాలో నూలు పోగుల్ని చట్రానికి బిగించి, లెక్క ప్రకారం రబ్బరు ముక్కలతో ముళ్ళు వేస్తున్నారు. ముడి వున్న చోట రంగు అంటదు. మనం పోచంపల్లి చీర అని ముచ్చటపడేది అదే. దీన్ని ఇకత్ అంటారు కదా, ఆ మాట ఇండోనేషియా, మలయా వైపు నుంచి వచ్చింది. కట్టడం అనే అర్థంలోంచి పుట్టిందట.

మంచినీళ్ళు అడిగితే ఒక అవ్వ చెంబుతో ఇచ్చి, ఎందుకొచ్చామని అడిగింది. చెప్పాను. కమాను వైపు చూసి, "అమ్మా, గా చెలక మా మామకు దానంల వచ్చింది. గది అమ్మరాదు బిడ్డా. మావోళ్ళు అక్కర పడి కాగితం మీద ఏలిముద్ర ఏసిండ్రు" అంది. నా చేతిలో చెంబు అలాగే వుండిపోయింది.

ఆ దానం ఏమిటో మనలో చాలామంది బడిలో చదువుకున్నదే. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లి వస్తే, అక్కడి హరిజన కుటుంబాలు బతకడానికి 80 ఎకరాలు అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడే మొదలైంది, ఊరికి భూదాన్ పోచంపల్లి అని పేరొచ్చింది. తరవాత చాలా ఊళ్ళలో అలా భూములు పేదలకు అందాయి. 1965 నాటి భూదాన చట్టం ప్రకారం ఆ భూమి పిల్లలకు సంక్రమిస్తుంది, కానీ అమ్మడానికి లేదు. సర్కారు పేదలకిచ్చిన భూములూ అంతే. అసైన్డ్ భూమి అనండి, పల్లెల్లో లావణి పట్టా అంటారు. 1977 చట్టం వాటి అమ్మకాన్ని నిషేధించింది. మనం కొన్నా ఆ కొనుగోలు చెల్లదు. భూమిని సర్కారు వెనక్కి తీసుకోవచ్చు. కట్టిన డబ్బుకి మనం ఆ బ్రోకరు గుమ్మం చుట్టూ తిరగాల్సిందే.

"ఇ.సి. తీయించాం, ఏ గొడవా లేదు" అన్నాడు మా బ్రోకరు. అబద్ధం కూడా కాదు. ఇ.సి.లో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్న అమ్మకం అందులో ఎలా కనబడుతుంది? అందుకని ఇ.సి. ఒక్కటి చూసి ఊరుకోకండి. ముందు సర్వే నంబరు అడగండి. చెప్పడానికి నసిగితే అక్కడే లేచి వచ్చేయండి. ఆ నంబరు 22ఏ నిషేధిత జాబితాలో వుందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో చూడొచ్చు, మీ పిల్లలు ఫోన్లో తీసి పెడతారు. పాత పహాణీల్లో ఆ భూమి ఎవరిది, పట్టాయా, లావణా, చెరువు శిఖమా అన్నది తహసీల్దారు ఆఫీసులో తెలుస్తుంది. 2020లో వచ్చిన ధరణి స్థానంలో 2025 నుంచి భూభారతి వచ్చింది, కొత్త వివరాలు అందులో వుంటాయి. 30 ఏళ్ళ ఇ.సి., లింకు డాక్యుమెంట్లు వీటి తరవాత.

ఇంకొకటి, గుంటల లెక్కన అమ్మే "ఫార్మ్ ప్లాట్లు". గుంట అంటే 121 గజాలు, 40 గుంటలు ఎకరం. అది వ్యవసాయ భూమి. ఇల్లు కట్టుకోవడానికి అనుమతి పొందిన లేఅవుటు కాదు. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటిన లేఅవుటుకి రెరా రిజిస్ట్రేషన్ వుండాలి. రిజిస్టరైన ఒప్పందం లేకుండా ధరలో పదో వంతుకి మించి బయానా తీసుకోకూడదని కూడా ఆ చట్టంలోనే వుంది. నాకు ఇవన్నీ గాజులు పోయాక తెలిశాయి!

కాగితాలు సరిగ్గా వున్నా, అక్కడ బతకగలమా అన్నది వేరే సంగతి. అది ఆడవాళ్ళని అడిగితేనే తెలుస్తుంది. కుళాయి నీళ్ళు ఎన్నాళ్ళకోసారి? ఎండాకాలం బోరు ఎండుతుందా? చివరి బస్సు ఎన్నింటికి? రాత్రి పూట నొప్పులొస్తే ఎక్కడికి తీసుకెళ్తారు? బీబీనగర్లో ఎయిమ్స్ ఆస్పత్రి వుంది, అది ఆ వైపు వాళ్ళకి పెద్ద ధైర్యం. నీళ్ళ దగ్గర మాత్రం జాగ్రత్త. మన ఉప్పల్, నాచారం ఇళ్ళ మురుగు చివరికి చేరేది మూసీలోకే. శుద్ధి కేంద్రాలు వున్నా మూసీ ఇంకా మూసీలాగే వుంది. దిగువ ఊళ్ళలో ఆ నీళ్ళతోనే వరీ, పశువుల గడ్డీ పండిస్తారు. మంచి గాలి కోసమని వెళ్ళి మన మురుగు పక్కనే ఇల్లు కట్టుకుంటామేమో చూసుకోవాలి. ఏటికి దగ్గరైన చోట బోరు నీళ్ళు ల్యాబులో పరీక్ష చేయించకుండా తాగొద్దు.

ఇక మా బయానా. నెలల తరబడి తిరిగితే యాభై వేలు వచ్చింది. రెండు గాజులు విడిపించాను, రెండు పోయాయి.

అవ్వ దగ్గరికి మొన్న మళ్ళీ వెళ్ళాను. పెట్టె అడుగు నుంచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన కాగితం తీసి చదవమంది. మడతల దగ్గర చిరిగిపోయింది. వాళ్ళ మామగారి పేరూ, సర్వే నంబరూ మాత్రం బాగానే కనిపిస్తున్నాయి. ఆ నంబరు మా రసీదులోదే. ఇద్దరం కలిసి తహసీల్దారు ఆఫీసుకి వెళ్ళాం. పాత రికార్డు తీయించాలి, సోమవారం రమ్మన్నారు. సోమవారం పొద్దున ఏడింటి బస్సుకి నేనూ వెళ్తున్నాను.