విజయములా, నిలుకడయా? 2023వ సంవత్సరపు విద్యుత్ కార్ల పందెములపై ఒక అభిమాని అభిప్రాయము

మోటారు కార్ల పందెములనగానే మనలో పెక్కురకు తోచునది వేగము. ఎవడు ముందుగా గమ్యము చేరునో వాడే ఘనుడని చెప్పి ఆ ప్రసంగమును ముగింతురు. ఒక్క పందెమునకు ఆ మాట చాలును. కాని పెద్ద పందెములు ఒక్క దినముతో ముగియవు. అవి అనేక దేశములలో అనేక మాసములపాటు వరుసగా జరుగును. ఆ వరుసనంతటిని సీజను అందురు. సీజను ముగిసిన పిమ్మట శ్రేష్ఠుడెవడో నిర్ణయించి వానికి ఛాంపియను బిరుదము నిత్తురు. ఆ బిరుదము ఎక్కువ పందెములు గెలిచినవానికి చెందవలెనా, లేక ఏడాది పొడుగునను నిలుకడగా నడపినవానికి చెందవలెనా? ఈ ప్రశ్నను విచారించుటకు 2023వ సంవత్సరపు ఫార్ములా-ఈ సీజను చక్కని ఉదాహరణము. అందొక పందెము మన హైదరాబాదునందే జరిగినది గనుక మనకది మఱింత సన్నిహితము. ఆ సీజనును మొదటినుండి తుదివరకు శ్రద్ధతో అనుసరించినవాడనగుటచే నాకు తోచినది మనవి చేయుచున్నాను.

ఫార్ములా-ఈ యనునది పెట్రోలు లేక, కేవలము విద్యుచ్ఛక్తితో నడచు కార్ల పందెము. ఇది 2014వ సంవత్సరమున చీనా దేశపు రాజధాని బీజింగునందు ఆరంభమైనది. నేను చెప్పబోవునది తొమ్మిదవ సీజను. అందు 11 జట్లు, 22 మంది డ్రైవర్లు, 16 పందెములు. ఆ యేడు క్రొత్తగా ప్రవేశపెట్టిన కార్లు గంటకు 322 కిలోమీటర్ల వేగమును అందుకొనగలవని నిర్మాతలు ప్రకటించిరి. అయినను వాని బ్యాటరీనుండి వాడుకొనదగిన శక్తి, మన యింటి మీటరు లెక్కలో చెప్పవలెనన్న, సుమారు 38 యూనిట్లు మాత్రమే. ఇంత స్వల్పమైన శక్తితో పందెము ముగించుటెట్లు?

దీనికి సమాధానము పాత సైకిలు డైనమోలో కలదు. డైనమోను చక్రమునకు ఆనించినంతనే త్రొక్కుట బరువగును. సైకిలు నడకనుండి కొంత బలము ఆ విధముగా వ్యయమై దీపమున వెలుగుగా మాఱును. ఈ కార్లలోను అదే ధర్మము పనిచేయును. డ్రైవరు బ్రేకు వేసినపుడు చక్రములు మోటారును త్రిప్పగా, అది డైనమోవలె విద్యుత్తును పుట్టించి బ్యాటరీకి తిరిగి పంపును. పందెమున వ్యయమగు శక్తిలో సుమారు 40 శాతము ఈ విధముగనే లభించునని నిర్వాహకులు చెప్పిరి. కావున ఎల్లవేళల వేగముగా పోవువాడు ఇచ్చట గెలువడు. ఎచ్చట వ్యయము చేయవలెనో, ఎచ్చట కూడబెట్టవలెనో యెఱిగినవాడే గెలుచును. ఈ పొదుపు విద్యయే నన్నీ పందెములకు అభిమానిని చేసినది.

ఇక పాయింట్ల పద్ధతి. ప్రతి పందెమునందును మొదట వచ్చినవానికి 25, రెండవవానికి 18, మూడవవానికి 15, ఆపై వరుసగా 12, 10, 8, 6, 4, 2, 1 చొప్పున పది మందికి పాయింట్లు లభించును. ముందుగా జరుగు పరీక్షలో ప్రథముడై, పందెమును అగ్రస్థానమునుండి ఆరంభించువానికి 3 పాయింట్లు అదనము. మొదటి పదిమందిలో అతివేగముగా ఒక చుట్టు చుట్టినవానికి మఱియొకటి. పదునాఱు పందెముల మొత్తము ఎవనికి అధికమో వాడే ఛాంపియను.

2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో నాలుగవ పందెము జరిగెను. హుస్సేన్ సాగరు తీరమున నగరపు వీధులనే మూసి, 2.83 కిలోమీటర్ల బాటను సిద్ధపఱచిరి. న్యూజీలాండు దేశీయుడగు మిచ్ ఎవాన్స్ అగ్రస్థానమునుండి బయలుదేఱెను. కాని కొంతసేపటికి ఆయన జట్టువాడే యగు శామ్ బర్డ్ ఒక మలుపున అదుపు తప్పి ఆయన కారును ఢీకొనెను. ఒక్క క్షణములో ఇద్దఱి ఆశయు అడుగంటెను. అంతకుముందు రెండుమాఱులు ఛాంపియనైన ఫ్రెంచి డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్ ముందునకు వచ్చెను. ఆయన వెనుకనే న్యూజీలాండువాడే యగు నిక్ కాసిడీ, బ్యాటరీలో అధికముగా శక్తి మిగుల్చుకొని తఱుముచుండెను. వెర్న్ మిగిలిన కొద్ది శక్తిని బొట్టు బొట్టుగా వాడుకొని, ఎచ్చటను సందీయక, అర సెకండునకును లోపు తేడాతో గెలిచెను. మూడవవాడుగా గమ్యము చేరిన సెబాస్టియన్ బ్యూమీ, అనుమతించినదానికంటె ఎక్కువ శక్తి వాడెనని శిక్షింపబడగా, ఆ స్థానము పోర్చుగల్ దేశీయుడగు ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టాకు దక్కెను. నా దృష్టిలో పొదుపునకును ధైర్యమునకును ఆ సీజనులో ఇంతకంటె మంచి నిదర్శనము లేదు.

ఆ దినమున ఒక్క పాయింటును దక్కక వెనుదిరిగినవారిలో ఆంగ్లేయుడు జేక్ డెన్నిస్ ఒకడు. ఆయన జనవరిలో మెక్సికోనందు తొలి పందెమును గెలిచి, అరేబియాలోని దిరియా పందెములు రెంటను రెండవవాడుగా వచ్చియుండెను. హైదరాబాదు పిమ్మట కొంతకాలము వెనుకబడినను, ఏప్రిలులో బెర్లిన్ రెండవ పందెమునుండి మరల పుంజుకొనెను. అటుపై ఆయన ప్రతిమాఱును గెలిచినవాడు కాడు. రెండవ స్థానము, మూడవ స్థానము, మరల రెండవ స్థానము, ఇట్లు పోగుచేసుకొనుచు వచ్చెను.

జూలై మాసమున రోము నగరము చేరునప్పటికి డెన్నిస్ కాసిడీకంటె ఒక్క పాయింటు మాత్రమే ముందుండెను. అచ్చటి తొలి పందెమును ఎవాన్స్ గెలువగా కాసిడీ రెండవవాడై, డెన్నిస్‌ను 5 పాయింట్లతో దాటెను. మఱునాడు ఆరంభమందే ఎవాన్స్ తొందరపాటున కాసిడీని ఢీకొట్టెను. ఎవాన్స్ పందెమునుండి తొలగెను. కాసిడీ పాయింట్లకు దూరమయ్యెను. డెన్నిస్ మాత్రము శాంతముగా నడిపి గెలిచి, 24 పాయింట్ల ఆధిక్యముతో లండను చేరెను. జూలై 29న అచ్చట కాసిడీ కారు తన జట్టువాడగు బ్యూమీ కారునే తాకి చెడిపోగా, డెన్నిస్ రెండవ స్థానముతోనే ఛాంపియను బిరుదమును ఖాయపఱచుకొనెను.

తుది లెక్క యిది: డెన్నిస్‌కు 229, కాసిడీకి 199, ఎవాన్స్‌కు 197. విజయముల లెక్క వేఱు: కాసిడీకి నాలుగు, ఎవాన్స్‌కు నాలుగు, డెన్నిస్‌కు రెండే! కాని డెన్నిస్ ఏడుమాఱులు రెండవవాడుగను, రెండుమాఱులు మూడవవాడుగను వచ్చెను. లెక్కలయందు ఆసక్తిగల విద్యార్థులు ఇంకొక సంగతి గమనింపవచ్చును. హైదరాబాదు ప్రమాదమునందును రోము ప్రమాదమునందును ఎవాన్స్ చిక్కుకొనక, ఆ రెండు దినములు రెండవవాడుగా వచ్చియున్నను 36 పాయింట్లు కలిసెడివి. ఆయనకు తక్కువపడినవి 32 మాత్రమే. హైదరాబాదులో దోషము ఆయనది కాదు, అది దురదృష్టము. రోములో తొందరపాటు ఆయనదే.

రెండు పందెములు గెలిచినవాడు నాలుగు గెలిచినవారికంటె అధికుడెట్లగునని కొందఱాక్షేపింతురు. ఈ వాదము క్రొత్తది కాదు. అమెరికాలో స్టాక్ కార్ల పందెములని కలవు. అంగడిలో సామాన్యులు కొను కార్లతోనే పందెము వేయవలెనన్నది వాని మొదటి యుద్దేశము. ఆ పేరు అట్లు వచ్చినది. వానిని నడపుటకై 1948లో నాస్కార్ అను సంస్థ యేర్పడెను. 2003లో అచ్చట 36 పందెముల సీజనున మాట్ కెన్సెత్ ఒక్కటి మాత్రమే గెలిచి ఛాంపియనయ్యెను. ఎనిమిది గెలిచిన రయన్ న్యూమన్ ఆఱవవాడయ్యెను. మఱుసటి యేటనే ఆ సంస్థవారు పద్ధతి మార్చి, చివరి పది పందెములకు పదిమందిని ఏర్చి, వారి పాయింట్లను దాదాపు సమముచేసి పోటీ పెట్టిరి. 2014లో ఇంకను ముందునకు పోయి, కడపటి ఒక్క పందెమున నలుగురిలో ఎవడు ముందుండునో వాడే ఛాంపియనని విధించిరి. చూచువారికి ఉత్సాహము హెచ్చినమాట నిజమే. కాని ఏడాది శ్రమ ఒక్క దినపు అదృష్టముపై ఆధారపడుట న్యాయమా?

బోధను ప్రాంతపు పెద్దలు ఈ ప్రశ్నకు సులువుగా ఉత్తరమీయగలరు. 2015 డిసెంబరులో మూతపడిన నిజాము చక్కెర కర్మాగారము నడచిన కాలమున, క్రషింగు సీజనులో చెఱకు బండ్లు బారులు తీఱి పోవుచుండెడివి. రైతునకు సొమ్ము వచ్చినది మొత్తము తోలిన టన్నులనుబట్టి గాని, ఒకనాడు తన బండి అందఱికంటె ముందు చేరెనని కాదు. ఇఱుసు విఱిగి దారిలో నిలిచిన బండి, ముందటి దినము ఎంత వేగముగా పోయినను, ఆ దినమున చెఱకు చేర్పలేదు.

కావున డెన్నిస్‌కు బిరుదము దక్కుట న్యాయమేనని నా అభిప్రాయము. విజయమునకు విలువ లేదని నేననను. మొదటి స్థానమునకును రెండవ స్థానమునకును గల 7 పాయింట్ల తేడాను పదికి పెంచినను నాకు సమ్మతమే. అట్లు పెంచి లెక్కించినను డెన్నిస్‌యే ముందుండును! కాని ఏడాది మొత్తమును త్రోసిపుచ్చి ఒక్క దినమును పట్టుకొను పద్ధతిని నేనంగీకరింపను.

2024 ఫిబ్రవరిలో హైదరాబాదున జరుగవలసిన రెండవ పందెము ఆ యేడు జనవరిలోనే రద్దయ్యెను. వీధులు మూయుటవలన జనులకు కలుగు ఇబ్బందియు, అగు వ్యయమును విచారింపదగినవే యైనను, ఒక అభిమానిగా నాకది విచారకరము.

విద్యార్థులారా! మన బాల్కొండ చెంత పోవు 44వ జాతీయ రహదారి పందెపు బాట కాదు. అచ్చట రక్షణ గోడలు లేవు, ఎదురుగా లారీలు వచ్చును. మోటారు సైకిలుపై వేగము చూపదలచువాడు ఈ పందెములనుండి నేర్వవలసినదేమియు నేర్వలేదు. ఆ మహావేగపు డ్రైవర్లలో సయితము బిరుదము దక్కినది తన బండిని మాటిమాటికిని క్షేమముగా గమ్యము చేర్చినవానికే. మీ చదువులయందును త్రైమాసిక పరీక్షనుండి వార్షిక పరీక్షవరకు ఆ నిలుకడయే మీకు తోడగును గాక.