కోడ్‌బెర్గ్‌కు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల తరలింపు: మూలం, చర్చ
ఓపెన్ సోర్స్ ప్రాజెక్టును వేరొక వేదికకు తరలించడమంటే సోర్స్ కోడ్‌ను తరలించడమేనన్న భావన ఉంది. నిజానికి అన్నిటికంటే సులభమైన భాగం అదే. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన గిట్‌లో సాధారణంగా ప్రతి నకలూ మార్పుల చరిత్రనంతటినీ వెంట తెచ్చుకుంటుంది. చిక్కంతా చర్చలతోనే. లోపాల నివేదికలు, మార్పుల ప్రతిపాదనలపై సమీక్షలు గిట్‌లో భాగం కావు. అవి ఆతిథ్యమిచ్చే సంస్థ డేటాబేసులో ఉంటాయి. ఒక కావ్యానికి మూలప్రతి మన చేతిలో ఉండి, వ్యాఖ్యానమంతా పరుల భాండాగారంలో ఉండటం వంటిది ఈ స్థితి.

2018లో గిట్‌హబ్‌ను మైక్రోసాఫ్ట్ కొనుగోలు చేయడంతో ఈ పరాధీనత చర్చనీయాంశమైంది. అదే సంవత్సరం బెర్లిన్‌లో ఏర్పడిన లాభాపేక్షలేని సంఘం కోడ్‌బెర్గ్‌ను నిర్వహిస్తోంది. విరాళాలు, సభ్యత్వ రుసుములు దానికి ఆధారం. విధాన నిర్ణయాల్లో సభ్యులకు ఓటు ఉంది. దానిని నడిపే ఫోర్జేయో కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే.

2025 నవంబరులో జిగ్ ప్రోగ్రామింగ్ భాష నిర్వాహకులు కోడ్‌బెర్గ్‌కు మారారు. పాత నివేదికలను మాత్రం గిట్‌హబ్‌లోనే ఉంచి, సంఖ్యలు కలగాపులగం కాకుండా కొత్తవాటిని 30000 నుండి మొదలుపెట్టారు. ఆచరణకు అనువైన ఏర్పాటే. అయితే ఆ భాషలో ఒక పాత నిర్ణయం ఎందుకు జరిగిందో వెదికే పరిశోధకుడు ఇప్పటికీ గిట్‌హబ్ గడపే తొక్కాలి.